సాంచాలు ఆగితే వినిపించే గొంతు

మొన్న మా మనవరాలు నా ఫోన్ తీసుకుని ఆడుకుంటోంది. తన గొంతు తనే రికార్డు చేసుకుని, గబగబా వినిపించే మీట ఒకసారి, సాగదీసి మెల్లగా వినిపించే మీట ఒకసారి నొక్కుతూ పకపకా నవ్వుతోంది. గబగబా వినిపించినప్పుడు నేనూ నవ్వాను. మెల్లగా వినిపించినప్పుడు మాత్రం ఆ చిన్నపిల్ల గొంతు బరువెక్కి, నిదానించి, ఎవరో ఎదిగిన ఆడపిల్ల వంటింటి గడపలో నిలబడి మాట్లాడినట్టయింది. "బంద్ చెయ్యి దాన్ని!" అని అరిచాను. పిల్ల బిక్కమొహం వేసింది. మా కోడలు లోపలి నుంచి తొంగిచూసి, ఈ ముసలిదానికి ఇప్పుడేమైందన్నట్టు నిలబడింది. ఏమైందని చెప్పను? అక్క గుర్తుకొచ్చింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. సోలాపూర్ నీలం నగర్‌లో మా పక్కింటావిడ. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆవిడ ఇంట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. ఆమెకూ ఒక పేరుంది, బీడీ కార్ఖానా వాళ్లిచ్చిన కార్డు మీద రాసి ఉండేది. గల్లీలో ఆ పేరుతో పిలిచినవాళ్లను నేనైతే చూడలేదు. చిన్నాపెద్దా అందరికీ అక్కే, మా ఆయనకు మాత్రం వదినె. ఆమె పోయి కూడా ఏళ్లు గడిచిపోయాయి. నేను ఇప్పటికీ ఆమె మీద కోపం తెచ్చుకుంటూనే ఉంటాను, అదొక అలవాటైపోయింది.

బీడీలు చుట్టేటప్పుడు ఆమె చేతుల వైపు చూసుకునేది కాదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, కత్తెర, దారపుండ. చూపు మాత్రం ఎదుటి మనిషి ముఖం మీద. మనం మాట్లాడుతున్నంతసేపూ రెప్ప వేయకుండా మననే చూస్తుంటే, కింద వేళ్లు వాటి పాటికి అవి ఆకు చుట్టి, పొగాకు కూరి, అంచు మడిచి, దారం కట్టేస్తుండేవి. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నాకు ఆ చూపంటే భయం. నా మనసులో ఉన్నదంతా చదివేస్తోందేమో అనిపించేది. తర్వాత తెలిసింది, సగం సార్లు ఆమె నన్ను చూడటమే లేదని.

ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. చేతిలో ఉన్న బీడీకి దారం బిగించేదాకా నోరు మెదపదు. "ఆగు, ముడి వడనియ్యి" అనేది. పాలవాడు వాకిట్లో కేకేసినా అదే మాట, పొయ్యి మీద అన్నం మాడుతోందని నేను గోడ అవతలి నుంచి అరిచినా అదే మాట. నేను భవాని పేట్‌లో తెలుగు బడిలో టీచర్ని. గంట కొడితే లేచే మనిషిని. ఆమెతో నాకు పొద్దస్తమానం ఇదే పేచీ.

నోరు మాత్రం భలే నోరు. ఒకసారి కార్ఖానాలో సరుకు సరిచూసే మనిషి ఆమె కట్టల్లోంచి ఒకటి తీసి, బాగా లేవని పక్కన పడేశాడు. అక్క ఆ కట్టలోంచి ఒక బీడీ లాగి అతని చేతిలో పెట్టింది. "ముట్టించి గుంజు. మండకపోతె రేపటికెల్లి మీ గడప తొక్క" అంది. పాపం అతనికి అలవాటు లేదట. వరసలో ఉన్న ఆడవాళ్లంతా చూస్తుంటే గుంజాడు. కళ్లల్లో నీళ్లు కారేదాకా దగ్గాడు. "మండింది గద, కట్టల పెట్టుకో" అని చక్కా వచ్చేసింది. ఆ కథ చెప్పుకుని గల్లీలో ఎన్నాళ్లు నవ్వుకున్నామో.

ఆమెకు ఒక్కతే కూతురు. ఆరేళ్లు నిండాయి, బళ్లో వేశారు. ఆ ఏడు వానల్లో జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. అక్క రాత్రంతా అక్కడే ఉండి, పొద్దున గంజి కాచుకుపోదామని ఇంటికొచ్చింది. గంజి ఉడికేలోపు ఊరికే కూర్చోలేక చాట ఒళ్లోకి తీసుకుంది. అప్పుడే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వాకిట్లో ఉన్నది నేనే గనక లోపలికెళ్లి చెప్పాల్సి వచ్చింది. ఎలాగో చెప్పాను. ఆమె నన్నే చూస్తోంది. వేళ్ల మధ్య సగం కట్టిన బీడీ ఉంది.

"ఆగు, ముడి వడనియ్యి" అంది.

ముడి వేసింది. దాన్ని చాటలో పెట్టింది. పొయ్యి ఆర్పింది. కొంగు విదిలించుకుని లేచింది. ఆ తర్వాత ఆసుపత్రిలో గానీ, వాకిట్లో గానీ ఆమె కంట చుక్క నీరు రాలేదు. రాయి అన్నారు గల్లీలో. బిడ్డ పోతే శోకం పెట్టని తల్లి ఉంటుందా అన్నారు. చెప్పొద్దూ, నేనూ అనుకున్నాను.

పిల్లది ఒక్క ఫోటో లేదు. స్టూడియోకు తీసుకుపోదామనుకున్న ప్రతిసారీ ఏదో పని అడ్డం వచ్చిందట. ఉన్నదల్లా ఒక వీడియో కేసెట్. అక్క తమ్ముడు గల్ఫ్‌లో పని చేసేవాడు. పిల్ల పోవడానికి ముందటి బతుకమ్మకు సెలవు మీద వస్తూ, భుజాన మోసేంత పెద్ద వీడియో కెమెరా ఒకటి పట్టుకొచ్చాడు. అక్కడ తన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి దగ్గర కొన్నాడట. పూలు పేరుస్తున్న ఆడవాళ్లను, అరుగుల మీది ముసలివాళ్లను, మా మేకను కూడా వదలకుండా తీశాడు. పోతూ పోతూ కేసెట్ అక్క చేతిలో పెట్టి, కెమెరా వెంట తీసుకుపోయాడు. మళ్లీ సెలవుకు వచ్చేసరికి దాన్ని అక్కడే ఎవరికో అమ్మేశాడు. అక్క ఆ కేసెట్‌ను కొత్త టవల్‌లో చుట్టి బియ్యం డబ్బా అడుగున దాచింది. వేసి చూడటానికి అప్పట్లో మా గల్లీలో ఎవరింట్లోనూ మిషన్ లేదు.

మూడు నాలుగేళ్ల తర్వాత మా ఆయన వి.సి.ఆర్. కొన్నాడు. మాకు నాలుగు సాంచాలుండేవి, అంటే కరెంటు మగ్గాలు, టవళ్లు నేసేవాళ్లం. ఇల్లు కారుతోంది, రేకులు మార్పించమని నేను మొత్తుకుంటుంటే, ఈ మనిషి బజారుకెళ్లి ఆ డబ్బా నెత్తిన పెట్టుకొచ్చాడు. నేను తిట్టడం మొదలుపెట్టానో లేదో, గోడ అవతలి నుంచి అక్క వచ్చి గడపలో నిలబడింది. ఒక చేతిలో చాట, ఇంకో చేతిలో టవల్ మూట.

"మరిదీ, గిది నడుస్తదా సూడు. నా బిడ్డ మొఖం సూడాలె" అంది.

ఆ రోజు సుట్టి. వారానికొక రోజు సాంచాలన్నీ బంద్ పెట్టే రోజును మావాళ్లు సుట్టి అంటారు. మిగతా రోజుల్లో ఆ దడదడల్లో పక్కమనిషి మాట కూడా వినపడదు. సుట్టి రోజు గల్లీ అంతా చెవిలో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది.

కేసెట్ మిషన్‌లో సరిగ్గానే పట్టింది. మా ఆయన మీట నొక్కాడు. తెర మీద బొమ్మ నిలవలేదు. కింది నుంచి పైకి దొర్లిపోతోంది. రంగుల్లేవు. అడ్డంగా నల్లటి పట్టెలు. మనుషులు నడుముకు తెగి, తల ఒక పక్క, కాళ్లు ఒక పక్క. ఎవరిదో జడ కనిపించింది, ఒక చెయ్యి కనిపించింది, చెదిరిపోయాయి. మా ఆయన మిషన్ మీద ఉన్న మీటలన్నీ తిప్పాడు. "పోగులన్ని తెగినట్టుంది వదినె" అన్నాడు. అంతలో గొంతు వచ్చింది.

ముందు తమ్ముడి గొంతు. బావిలోంచి మాట్లాడుతున్నట్టు సాగుతూ వచ్చింది. "పెద్దగైతె ఏం జేస్తవ్ బిడ్డా?"

తర్వాత ఆ గొంతు. ఆరేళ్ల పిల్ల గొంతు కాదు. నెమ్మదిగా, కొంచెం బొంగురుగా, వయసొచ్చిన ఆడపిల్ల గొంతు. "అమ్మ పక్కన్నే కూసుంట. నాకు గూడ సాట గావాలె మామా. అమ్మ ఇస్తలేదు."

మా ఆయన చెయ్యి మీట మీదే ఉండిపోయింది. అక్క వైపు చూశాను. ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఆకు ఒళ్లో విచ్చుకుని పొగాకు చీర మీద ఒలికింది. ఆ చేతులు మధ్యలో ఆగడం నేను మొదటిసారి చూడటం.

"మళ్ల వెట్టు" అంది.

మళ్లీ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. "నా బిడ్డనే. పెద్దగైంది" అంది.

నేను టీచర్ని కదా, ఊరుకోలేను. "అక్కా, మిషన్ మెల్లగా తిరుగుతుంది, అందుకే గట్ల ఇనవడుతుంది" అన్నాను.

"నాకెరికే చెల్లె. మిషన్ సంగతి మీ ఆయన సూసుకుంటడు. నా బిడ్డ సంగతి నేను సూసుకుంట" అంది.

మర్నాడు బడికి పోతూ చూస్తే, ఆమె అరుగు మీద రెండు చాటలున్నాయి. ఒకటి ఆమె ఒళ్లో. రెండోది పక్కన, కొత్తది, అందులో ఆకు, పొగాకు, చిన్న కత్తెర. తను చుట్టిన వాటిల్లో కొన్ని తీసి ఆ చాటలో వేస్తోంది. నేను అడగలేదు. అడిగినవాళ్లకు మాత్రం చెప్పింది: "మా పోరిది. అడిగితె ఇయ్యకపోతి."

ఇక చూడండి గల్లీలో గుసగుసలు. దయ్యం పట్టిందన్నారు. దర్గాకు తీసుకుపొమ్మన్నారు. ఆ చాట దాటకుండా చుట్టూ తిరిగిపోయేవాళ్లు ఆడవాళ్లు. ఒకావిడ మొహం మీదే అంటే అక్క నవ్వి, "దయ్యమైతె పని జేస్తదానే? మా పోరి సగం పని తనే జేస్తది" అంది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. కానీ సాంచాలు దడదడలాడుతున్న రోజుల్లో కూడా, అప్పుడప్పుడు ఆ చప్పుడు అడుగున ఆ గొంతు వినిపించి, పిండి కలుపుతున్న చేతులతో అలాగే బయటికి వచ్చి చూసేదాన్ని. అరుగు మీద అక్క, రెండు చాటలు. అంతే.

దసరాకు మా సాంచాలకు పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఆ ఏడు అక్క తెల్లారకముందే స్నానం చేసి వచ్చి, మా వి.సి.ఆర్.కు కుంకుమ బొట్టు పెట్టింది. పూలదండ వేసింది. ఇంకాస్త ఆలస్యమైతే దాని నెత్తిన కొబ్బరినీళ్లు కూడా పోసేదే. మా ఆయన లబలబలాడుతూ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "వదినె, నీళ్లు తగిల్తె ఖరాబైతది! వద్దు, నక్కో!" అంటూ ఉంటే ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీ సాంచల మీద పోస్తలేవా? ఇది నా సాంచ" అంది. చివరికి కాయ గడప మీద కొట్టించాం. ఆ బొట్టు ఆ మిషన్ మీద ఏడాది పొడుగునా ఉండేది, నేను తుడవబోతే మా ఆయనే వద్దనేవాడు.

ప్రతి సుట్టికీ భోజనాలయ్యాక వచ్చేది. ఆ ఒక్క ముక్కే వేయించుకునేది, వెనక్కి తిప్పించి మళ్లీ వేయించుకునేది. ఆమె భర్త మాత్రం ఆ సమయానికి ఇంట్లో ఉండేవాడు కాదు. ఆయన వేరేవాళ్ల కార్ఖానాలో సాంచాల మీద పని చేసేవాడు, పిలిస్తే గానీ పలకని మనిషి. కూతురి పేరు ఆయన నోట మేమెప్పుడూ వినలేదు. కేసెట్ మూట బయటికి తీస్తే చాలు, చెప్పులేసుకుని వెళ్లిపోతాడని అక్క విసుక్కునేది. "ఆయనకు గుండె లేదు చెల్లె" అనేది. ఒక సుట్టి నాడు చెత్త పారబోద్దామని నేను ఇంటి వెనక్కి పోతే, మా గోడకు వీపు ఆనించి, పాత నూలు కండెల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. లోపల గొంతు నడుస్తోంది. నన్ను చూసి గభాల్న లేచాడు. "ఇంట్ల గాలి ఆడుతలేదు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ తిరిగి, "ఆమెకు జెప్పకు చెల్లె" అన్నాడు. నేను చెప్పలేదు.

మరో వేసవి మధ్యాహ్నం అక్క నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చేతులు నడుస్తూనే ఉన్నాయి.

"చెల్లె, మా పోరి ముక్కు నా తీరుండెనా, వాళ్ల నాయన తీరుండెనా?"

గుర్తు చేసుకోబోయాను. ఎంతకీ రాలేదు. ఆ పిల్ల నా కళ్ల ముందే తిరిగింది, నా వంటింట్లో బెల్లం ముక్క కోసం చెయ్యి చాపింది. చెయ్యి గుర్తుంది, ముక్కు గుర్తు లేదు.

"నీకు గూడ యాదికి లేదు గద" అంది అక్క. "నాకు గూడ వోతున్నది. గొంతు ఉన్నది, మొఖం లేదు. బగ్ గ, సూడు, తల్లినైతె ఏం ఫాయిదా? ఒక్కసారి సూడాలె. ఒక్కసారి సూస్తె సాలు."

ఆ సాయంత్రమే మా ఆయన వెంటపడ్డాను. ఆయన కేసెట్ పట్టుకుని జోడ్‌భావి పేట్‌లో టీవీలు బాగుచేసే అతని దగ్గరికి పోయాడు. అతను చూసి, ఇది మన దేశపు మిషన్లకు నప్పే రకం కాదన్నాడు. ఆ కెమెరా వేరే దేశాల పద్ధతిది. మన మిషన్‌లో మెల్లగా తిరుగుతుంది, బొమ్మ చెదురుతుంది. ఆ పద్ధతి మిషన్ ఉన్నచోట దీన్ని మనకు పనికొచ్చేలా ఇంకో కేసెట్‌లోకి ఎక్కించుకోవాలన్నాడు. అలాంటి మిషన్ సోలాపూర్‌లో దొరకలేదు. అడిగీ అడిగీ ఏళ్లు పట్టింది. చివరికి మాకు నూలు పంపే వ్యాపారి పుణేలో ఒక స్టూడియో ఉందని చెప్పాడు.

పంపడానికి అక్క ఒప్పుకోవడం ఇంకో యుద్ధం. మూట మా ఆయన చేతిలో పెడుతుంది, మళ్లీ లాక్కుంటుంది. "ఖరే, నిజంగ వాపస్ అస్తదా?" అంటుంది. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేస్తే గానీ వదల్లేదు. అది తిరిగి వచ్చేదాకా ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండో చాట మాత్రం రోజూ నిండుతూనే ఉంది.

పుణే నుంచి రెండు కేసెట్లు వచ్చాయి, పాతదీ, కొత్తదీ. సుట్టి రోజు తలుపేసుకుని కొత్తది పెట్టాం. అమ్మా, ఏం రంగులు! బంతిపూలు, తంగేడు పూలు, మా మేక, అప్పటికే పోయిన ముసలమ్మలు. అందరూ ఎండలో నిలబడి నవ్వుతున్నారు. తర్వాత పిల్ల. ఆకుపచ్చ లంగా, పై పళ్లల్లో ఒకటి ఊడింది, కళ్లకు కాటుక కారింది. ముక్కు వాళ్ల నాన్నది, అచ్చుగుద్దినట్టు. కెమెరాలోకి చూస్తూ, పిచ్చుక కూసినట్టు సన్నటి గొంతుతో, "నాకు గూడ సాట గావాలె మామా" అంది.

నేను ఏడ్చేశాను. అక్క తెర దగ్గరికి జరిగి, అద్దం మీద వేలు పెట్టి ఆ ముక్కు తడిమింది.

"అయ్యో, ఇంత చిన్నగుండెనా!" అంది.

చాలాసేపు చూసింది. తర్వాత మా ఆయనతో, "మరిదీ, గొంతు బంద్ వెట్టు" అంది. చప్పుడు లేకుండా మళ్లీ చూసింది. పిల్ల పెదాలు కదులుతున్నాయి. చూసి చూసి, "సాలు. ఇగ పాతది వెట్టు" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు తిరిగి తెప్పిస్తే ఇదా? "అక్కా, నీ బిడ్డ అక్కడ తెర మీద ఉంటె, మళ్ల ఆ బొంగురు గొంతెందుకు నీకు?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. నిజంగా నన్నే చూసింది ఆ రోజు.

"గామె చిన్నది. చిన్నది వోయింది, నాకెరికే, నేనే సాగనంపిన. మొఖం సూసుకున్న, సాలు. పెద్దది యాడికి వోయిందే? ప్రతి సుట్టికి అస్తనే ఉన్నది. మొదట్ల గొంతు ముందుండె, పోరి ఎనకుండె. ఏడాదికేడాది దగ్గరికొచ్చింది. ఇప్పుడు ఆ గొంతుకు సరివడ్డ వయసొచ్చింది దానికి."

మా ఆయన పాతది పెట్టాడు. బొమ్మ చెదిరింది, గొంతు వచ్చింది. ఆమె కళ్లు మూసుకుంది. కొత్త కేసెట్‌ను ఇంటికి తీసుకుపోయి దేవుడి పటాల పక్కన పెట్టింది, మళ్లీ వేయమని అడిగినట్టు నాకు గుర్తు లేదు.

ఆ పాత టేపు ఎన్నిసార్లు తిరిగిందో. అదీ ఎప్పుడూ అదే ముక్క మీద. మా ఆయనకు భయంగానే ఉండేది, పలచబడుతోందని అనేవాడు. ఆ మెల్లటి గొంతును మామూలు పాటల కేసెట్‌లోకైనా ఎక్కించి పెట్టుకుందామని మాలో ఒక్కరికి తట్టలేదు. వారం వారం వచ్చే మనిషిని ఎవరు దాచిపెట్టుకుంటారు?

బతుకమ్మ వెళ్లిన కొన్నాళ్లకు, ఒక సుట్టి మధ్యాహ్నం, "అమ్మ పక్కన్నే" అనే మాట దగ్గర టేపు తెగింది. తెర మీద చుక్కలు. అక్క "అవ్వో!" అని ఒక్క కేక పెట్టింది. ఆమె నోట అలాంటి కేక నేనెన్నడూ వినలేదు. మా ఆయన కేసెట్ బయటికి తీశాడు. రెండు కొసలు వేలాడుతున్నాయి. "ఏం గాదు వదినె, జోడ్‌భావి పేట్ అతను అతికిస్తడు, రేపు పొద్దుగాలనే తీస్కవోత" అన్నాడు.

అప్పుడు వెనక తలుపులోంచి ఆమె భర్త వచ్చాడు. ఆ వేళప్పుడు మా ఇంట్లో ఆయన కాలు పెట్టడం అదే మొదలు. ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో అక్కకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది.

"తెగితె అతకాలె గద. ఇటియ్యి" అన్నాడు.

మా ఆయన వద్దనేలోపే తీసుకున్నాడు. పుట్టిన కాడి నుంచి తెగిన పోగులు అతుకుతున్న మనిషి. రోజుకు ఎన్ని అతికేవాడో ఆయనకే తెలియదు. వేలు నాలుక మీద తడి చేసుకున్నాడు, రెండు కొసలూ మెలిపెట్టాడు, నేతపని ముడి వేశాడు. ఎంత సన్నటి ముడి! మిగిలిన కొసలు పళ్లతో కొరికేశాడు. పోగైతే ఆ అతుకు గుడ్డలో ఎక్కడుందో వెతికినా దొరకదు. అక్క ఆయన చేతుల వంకే చూస్తోంది, పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడు తన పని చేసిపెడుతున్నట్టు.

"పెట్టు" అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు. ఆ ఇద్దరి ముఖాలు చూసి కాదనలేకపోయాడు. పెట్టాడు. తమ్ముడి గొంతు వచ్చింది. "అమ్మ" అని ఆ గొంతు మొదలైంది. ముడి లోపలి చక్రానికి తగిలింది. మిషన్ గుర్రుమంది. ఏదో తిరగలి తిరిగినట్టు కరకరలాడింది. మా ఆయన తీగ పీకేసేసరికే అంతా అయిపోయింది. మూత విప్పితే లోపల టేపంతా నలిగి, పీలికలై, చక్రాలకు చుట్టుకుపోయి ఉంది. ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది.

ఆయన అలాగే నిలబడ్డాడు. అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు. మా ఆయన, "కొత్తది ఉన్నది గద వదినె, ఏం వోలేదు" అని సర్దిచెప్పబోతే, నేనే ఆయన చెయ్యి గిల్లి ఆపాను. అక్క ఆ పీలికలన్నీ ఏరి కొంగులో వేసుకుని ఇంటికి పోయింది.

కాసేపటికి గోడ అవతల నీళ్ల చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే, కట్టుకున్న చీరతోనే నెత్తిన బిందెలకు బిందెలు గుమ్మరించుకుంటోంది, చావింటి నుంచి వచ్చినవాళ్లు పోసుకున్నట్టు. ఆయనా పోసుకున్నాడు. తడి బట్టలతో ఇద్దరూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు అక్క శోకం పెట్టింది. రొమ్ము గుద్దుకుని, జుట్టు విరబోసుకుని, "నా బిడ్డో" అంటూ ఎలుగెత్తింది. సాంచాలు ఆగిన రోజు కదా, నాలుగు గల్లీల అవతలికి వినిపించింది. చేతిలో పని చేతిలోనే వదిలి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రాయి అన్నవాళ్లే వచ్చి మెడ పట్టుకుని ఏడ్చారు. ఎందుకో, ఎవరి కోసమో ఒక్కరూ అడగలేదు.

గల్లీలోకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతి ఉంది. పాపం దానికేం తెలుసు. నా పక్కకు చేరి మెల్లగా, "ఎవలు వోయిండ్రు టీచర్?" అంది. అక్క వినేసింది. కళ్లు తుడుచుకుని, "నా బిడ్డ వోయింది" అంది.

"అయ్యో! ఎన్నేండ్లుండె అక్కా?"

"పద్దెనిమిది."

ఆయన తలెత్తలేదు. ఆ తడి బట్టల్లో, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని నేల చూస్తూనే, "కాదు" అన్నాడు. "మొన్న బతుకమ్మకు పంతొమ్మిది వడ్డయి."